కాళ్ళు నడుస్తుండగానే చూసుకుందాం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త రెవెన్యూ శాఖలో సీనియర్ అసిస్టెంటుగా 2007లో పదవీ విరమణ చేశారు.)



ఏటా డిసెంబరు 17న మనం నకారా గారి కేసును తలచుకుంటాం. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. ఆ హక్కు పుణ్యమా అని నెల తిరిగేసరికి మన చేతిలో నాలుగు డబ్బులు పడుతున్నాయి. ఆ డబ్బుతో ఆఖరి రోజులు ఎక్కడ గడపాలి అనేది మాత్రం ఏ కోర్టూ తేల్చే విషయం కాదు. మనమే తేల్చుకోవాలి.

కార్యదర్శి గారు నన్ను డి.ఎ. బకాయిల మీద మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవారు ఈ వేదిక మీదనే ముగ్గురున్నారు. అందుచేత వారి అనుమతితో వృద్ధాశ్రమం ఎంచుకోవడం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆ మాట వినగానే మనలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. "మాకేం ఖర్మ, పిల్లలు లేరా?" అనిపిస్తుంది. నాకూ అలాగే ఉండేది. మా అన్నయ్య విషయంలో జరిగిన తప్పు నా ఆలోచన మార్చింది. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే కనుక దాన్ని దాచకుండా చెబుతాను.

మా అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. 2012లో వదిన పోయింది. పిల్లలిద్దరిలో ఒకడు మస్కట్‌లో, ఒకడు బెంగుళూరులో. ఒంటరిగా ఏడాది గడిపాక అన్నయ్యకు వంట చేసుకోవడం కష్టమైంది. పిల్లలు ఫోను చేసి, "బాబాయ్, నువ్వే ఏదైనా మంచి ఆశ్రమం చూడు, డబ్బు సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. నేను వారం రోజుల్లో చూసేశాను. ఊరి బయట మామిడితోట మధ్యలో కొత్త కట్టడం. ముందు పచ్చగడ్డి, పక్కన చిన్న గుడి, గదుల్లో పాలరాయి. మేనేజరు చాలా మర్యాదస్థుడు, కాఫీ కూడా ఇప్పించాడు. అక్కడికక్కడే ఒకటిన్నర లక్షల చెక్కు ఇచ్చి ఫారం మీద సంతకం పెట్టించాను. అది 2013 జూన్.

అన్నయ్య ఎనిమిది నెలలు బాగానే ఉన్నాడు. 2014 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున బాత్రూములో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది. పది రోజులకు ఆసుపత్రివారు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. నేను ఆశ్రమానికి ఫోను చేస్తే మేనేజరు అంతే మర్యాదగా, "సార్, మా దగ్గర సొంతంగా నడవగలిగినవారికే వసతి. ఫారంలో 14వ షరతు చూడండి" అన్నాడు. ఫారం తీసి చూశాను. ఉంది. సన్నటి అక్షరాల్లో, స్పష్టంగా ఉంది.

అయ్యా, నేను 36 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఎవరి ఫైలు వచ్చినా ఆఖరి జతపరచిన కాగితం దాకా చదవనిదే నోటు పెట్టలేదు. సొంత అన్నయ్య కాగితం దగ్గరకు వచ్చేసరికి పచ్చగడ్డి చూసి సంతకం పెట్టించాను.

అన్నయ్యను మా రెండు గదుల ఇంటికి తెచ్చుకున్నాం. ఆగస్టులో పోయేదాకా ఐదు నెలలు మా ఆవిడ చేసింది. నేను చేశానని చెప్పుకోను. మగవాళ్ళం పక్క గదిలో పేపరు చదువుతూ "మేం చూసుకున్నాం" అంటాం గదా! ఒళ్ళు తుడవడం, పక్కబట్టలు మార్చడం, అన్నం మెత్తగా పిసికి పెట్టడం అన్నీ ఆవిడే. అన్నయ్య సిగ్గుతో ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. ఒకరోజు నాతో, "తమ్ముడూ, నడవలేనప్పుడు ఉంచుకోని చోటు నాకెందుకురా, నడిచేటప్పుడు మా ఇల్లే ఉంది కదా" అన్నాడు. ఆ లెక్కల మాస్టారు చెప్పిన ఆఖరి లెక్క అదే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

కనుక ఏ ఆశ్రమానికి వెళ్ళినా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: "నేను మంచాన పడిన రోజున మీరేం చేస్తారు?" దీనికి జవాబు నోటితో చెబితే చాలదు. కాగితం మీద ఉండాలి.

బయట బోర్డు మీద అందరూ "వృద్ధాశ్రమం" అనే రాస్తారు గానీ లోపల రకాలు వేరు. ఏ ఆధారం లేనివారిని ఉచితంగా ఉంచుకునేవి కొన్ని. నెలనెలా డబ్బు కట్టి, నడవగలిగినంత కాలం ఉండేవి కొన్ని. నర్సులను పెట్టుకుని, మంచాన పడినవారినీ చూసేవి కొన్ని. ఇల్లు కొనుక్కునో, లీజుకు తీసుకునో ఉండే రిటైర్మెంటు కాలనీలు మరికొన్ని. ఈ ఆఖరి రకానికి కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి మార్గదర్శకాలే, చట్టం కాదు. మనం వెతుకుతున్నది ఏ రకమో ముందే తేల్చుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

మా ఆవిడకు రెండేళ్ళ క్రితం పార్కిన్సన్ జబ్బు, అంటే వణుకు వాతం, ఉన్నట్టు తేలింది. నాకు 76. ఆవిడను లేపి నిలబెట్టే బలం నాకు ఇంకెన్నాళ్ళుంటుందో తెలియదు. అబ్బాయి పూనాలో, అమ్మాయి ఖమ్మంలో. ఇద్దరూ రమ్మంటున్నారు. అబ్బాయిది మూడో అంతస్తు. అమ్మాయి ఇంట్లో ఇప్పటికే అత్తగారు మంచంలో ఉన్నారు. ఒకరోజు మా ఆవిడే, "ఏవండీ, బావగారికి చూసినట్టు కాకుండా ఈసారి సరిగ్గా చూడండి. నన్నూ తీసుకెళ్ళండి" అంది. నాకు నోట మాట రాలేదు. అప్పట్నుంచి ఇద్దరం కలిసి ఐదు ఆశ్రమాలు చూశాం. చూస్తూ నేర్చుకున్నవి చెబుతాను.

మొదటిది, చెప్పకుండా వెళ్ళాలి. చెప్పి వెళితే అది తనిఖీకి వచ్చిన కలెక్టరు గారికి ఆఫీసు చూపించినట్టుంటుంది. ఆ సంగతి మనకు తెలియనిదా! ఒకచోట గేటు దగ్గరే, "ఆదివారం నాలుగు నుంచి ఐదు లోపే రావాలి" అన్నారు. నలుగురూ వచ్చి పోవడానికి ఇష్టపడని చోట మనకేం పని అని వెనక్కి తిరిగాం.

రెండోది, పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి వెళ్ళాలి. పగలు ఆరుగురు ఆయాలు కనిపించిన ఒక ఆశ్రమంలో రాత్రి నలభై మందికి ఒక్క వాచ్‌మన్ ఉన్నాడు. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పెద్దవాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. రాత్రి మేలుకుని ఉండేదెవరు, పిలిస్తే వినపడుతుందా, మంచం దగ్గర గంట ఉందా అడగండి. అక్కడే ఇంకొకటి గమనించాం. పనివాళ్ళు తొందరగా వెళ్ళిపోవాలని సాయంత్రం ఐదున్నరకే భోజనం పెట్టేస్తున్నారు. మళ్ళీ పొద్దున ఎనిమిదికి గానీ టిఫిను లేదు. ఇన్సులిను తీసుకునేవారికి ఆ పధ్నాలుగున్నర గంటలు ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పనక్కర లేదు.

మూడోది బాత్రూము. హాలు చూడకపోయినా ఫరవాలేదు, బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని చూడండి. గోడకు పట్టుకునే కడ్డీలు ఉన్నాయా, కుర్చీలా కూర్చునే కమోడు ఉందా, నేల తడిస్తే జారుతుందా, గడప ఎంత ఎత్తుంది, లోపల పడిపోతే బయటినుంచి గడియ తీయగలరా. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడ్డ మనిషే తలుపుకు అడ్డమవుతాడు. అన్నయ్య పడ్డప్పుడు అదే జరిగింది. తలుపు పగలగొట్టడానికి అరగంట పట్టింది.

నాలుగోది మందులు. ఎవరికి ఏ మాత్ర ఏ వేళకు ఇచ్చారో రాసే రిజిస్టరు అడిగి చూడండి. గుమాస్తా కన్నుకు ఆ రిజిస్టరు రోజూ రాసిందా, నెలాఖరున ఒకే పెన్నుతో నింపిందా అనేది ఇట్టే తెలిసిపోతుంది. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఎంత సేపు పడుతుంది, 108 వాహనం గేటు దాకా రాగలదా, ఆ ఆసుపత్రిలో మన హెల్త్ కార్డు చెల్లుతుందా, ఇవి కూడా అడిగి రాసుకోండి.

ఇవన్నీ నేను నోటుబుక్కులో రాసుకుంటూ ఆఫీసు గదిలో కూర్చుంటే, మా ఆవిడ ఏమీ రాసుకోకుండా కర్ర పట్టుకుని నెమ్మదిగా వెనక్కి వెళ్ళేది. ఐదో ఆశ్రమంలో చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. బయటికి వచ్చాక, "ఇక్కడ ఉండొచ్చండీ" అంది. ఎందుకన్నాను. "మంచంలో ఉన్న ముసలావిడ చేతులు చూశాను. గోళ్ళు తీసి ఉన్నాయి. తల దువ్వి ఉంది. ఆవిడకు మతి లేదు, చూడ్డానికి ఎవరూ రారట. అయినా దువ్వారు" అంది. నా నోటుబుక్కులో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. ఆ ప్రశ్న లేదు. మంచాన పడినవారి గది చూపించమని అడగండి. చూపించనంటే అదే జవాబు. చూపిస్తే ముక్కుతో వాసన చూడండి, కళ్ళతో గోళ్ళు చూడండి. కదలలేనివారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారా, వీపు మీద పుండ్లు ఉన్నాయా అని ఆయానే అడగండి, మేనేజరును కాదు.

ఇక డబ్బు సంగతి. మాకు చెప్పిన రేట్లు నెలకు 12,000 నుంచి 35,000 దాకా ఉన్నాయి. నెల సొమ్ము ఒక్కటే చూసుకుని మోసపోకండి. ఏటా ఎంత పెంచుతారు, ఆయా ఖర్చు, డైపర్లు, కరెంటు, ఆసుపత్రికి తోడు వచ్చే మనిషి ఖర్చు అందులోనే ఉన్నాయా, విడిగానా? భార్యాభర్తలు చేరితే, ఒకరు పోయాక మిగిలినవారిని ఏ గదికి మారుస్తారు, ఎంత కట్టాలి? ఈ ప్రశ్న అడగడానికి నోరు రాదు. అయినా అడగాలి. ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధర్మసంస్థ నడిపే ఆశ్రమంలో, 60 ఏళ్ళు దాటినవారు భోజనం, వసతి, నిర్వహణ కలిపి నెలకు 25,000 లోపు కడుతుంటే జీఎస్టీ ఉండదని 2018లో మినహాయింపు ఇచ్చారు. బిల్లులో ఆ పద్దు కనపడితే ఎందుకని అడగండి.

డిపాజిట్టు కట్టేటప్పుడు రసీదు మీద ఏం రాశారో చూడండి. "డిపాజిట్టు" అని ఉంటే తిరిగి అడగవచ్చు. "విరాళం" అని ఉంటే అది హుండీలో వేసినట్టే. అన్నయ్య రసీదులో లక్ష విరాళం, యాభై వేలు డిపాజిట్టు అని ఉంది. యాభై వేలే తిరిగొచ్చాయి, అదీ తొమ్మిది నెలలు తిరిగాక. మానుకున్నా, పోయినా ఎన్ని రోజుల్లో, ఎంత కోసుకుని, ఎవరికి ఇస్తారనేది ఒప్పందంలో రాయించుకోవాలి. రాసిన మాట తప్పితే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. నాకు ఆ రోజుల్లో ఆ దారి తట్టలేదు.

పెన్షను ఖాతా, ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు మన చేతిలోనే ఉండాలి. "మీకెందుకు శ్రమ, మేమే తీసి లెక్క చూపిస్తాం" అంటే నమస్కారం పెట్టి బయటికి రండి. ఆశ్రమం పేర వీలునామాగానీ, పవరాఫ్ అటార్నీగానీ అడిగితే అలాంటిచోట చేరనే వద్దు. జీవన్ ప్రమాణ్ పత్రం ఇప్పుడు సెల్‌ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు గనుక, ఏడాదికోసారి అందుకు సాయపడే మనిషి ఉన్నాడా అని మాత్రం అడగండి. చేరిన మొదటి ఏడాది సొంత ఇల్లు అమ్మకండి. ముందు ఒక నెల ఉండి చూడండి. నచ్చకపోతే తిరిగి వెళ్ళడానికి ఒక తలుపు, ఆ తలుపు తాళంచెవి మన దగ్గర ఉండాలి.

ఇల్లు పిల్లలకు రాసిచ్చి ఆశ్రమానికి వెళదామనుకునేవారికి ఒక్క మాట. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దాని 23వ సెక్షను ప్రకారం, పోషించాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు, రద్దు చేయమని ట్రిబ్యునలును అడగవచ్చు. అటువంటి షరతు పెట్టి ఉండాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025లో ఇంకొక కేసులో, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా చూడాలని చెప్పింది. కోర్టు ఉదారంగా చూస్తుందన్న ధీమాతో ఉండకుండా, దస్తావేజులోనే ఆ షరతు రాయించుకోవడం క్షేమం. స్తోమతు ఉండి కూడా చూడని పిల్లల మీద అదే చట్టం కింద నెలకు 10,000 రూపాయలు మించకుండా పోషణ ఖర్చు కోరవచ్చు. మన దగ్గర ఆ ట్రిబ్యునలు ఆర్డీవో గారి ఎదుటే. ఎవరిని అడగాలో తోచకపోతే 14567 నంబరుకు ఫోను చేయండి. అది వృద్ధుల కోసం పెట్టిన హెల్ప్‌లైను, డబ్బులు పడవు.

ఆఖరుగా అందరూ దాటవేసే విషయం. ప్రాణం పోతే ఎవరికి మొదట ఫోను చేయాలి, పిల్లలు వచ్చేదాకా ఎలా ఉంచాలి, కర్మ ఎక్కడ, ఇవి చేరిన రోజే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆశ్రమం ఏ పంచాయతీ కిందికి వస్తుందో, ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలో ఇంట్లోవాళ్ళకు తెలియాలి. ఆ కాగితం లేనిదే మిగిలినవారికి ఫ్యామిలీ పెన్షను కదలదు.

వెనక కూర్చున్న పిల్లలకు కూడా ఒక మనవి. అమ్మానాన్నల్ని ఆశ్రమంలో చేర్చడం పాపమని నేననను. వాళ్ళను అడక్కుండా, ఫోటోలు చూసి, బాబాయికో మామయ్యకో ఫోనులో అప్పగించడం మాత్రం తప్పు. మీరు సెలవు పెట్టుకుని రండి. అమ్మను తీసుకుని వెళ్ళండి. అక్కడి అన్నం మీరు తినండి. చేర్చాక పండక్కి మాత్రమే వచ్చి పోకండి. చెప్పాపెట్టకుండా మామూలు మంగళవారం నాడు వెళ్ళండి. ఎవరో ఒకరు వచ్చి చూస్తారని తెలిసిన మనిషిని ఆయాలు కూడా వేరుగా చూస్తారు. ఇది లోకరీతి.

మన సంఘానికి ఒక సూచన. ప్రతి శాఖలో ఇద్దరు ముగ్గురం ఒక జట్టుగా ఏర్పడి చుట్టుపక్కల ఆశ్రమాలను ఏడాదికి రెండుసార్లు చూసి వద్దాం. చూసింది చూసినట్టు ఒక రిజిస్టరులో రాసి సంఘం ఆఫీసులో ఉంచుదాం. తనిఖీ నోటు రాయడం మనకు కొత్త కాదు గదా. ఈసారి ఎవరో పైఅధికారికి కాకుండా మన కోసం మనం రాసుకుందాం.

గోళ్ళు తీసి ఉన్న ఆ ఐదో ఆశ్రమంలో మేము మొన్న వేసవిలో ఒక నెల ఉండి చూశాం. అన్నీ బాగున్నాయని చెప్పను. సాంబారు పలచన, పొద్దున్నే మైకులో పాటలు ఎక్కువ. కానీ ఒప్పందంలో, మంచాన పడినా పంపించబోమని, ఆ స్థితిలో నెలకు ఎంత అదనమో అంకెతో సహా ఉంది. ఆ కాగితం నేను మూడుసార్లు చదివాను. మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను. సంక్రాంతికి పిల్లలు వస్తున్నారు. పండుగ అయ్యాక వెళుతున్నాం. ఇంటికి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే ఉంచుకుంటున్నాను. వెళ్ళాక చిరునామా కార్యదర్శి గారికి ఇస్తాను. మీరెప్పుడైనా రండి. ముందు ఫోను చేయనక్కర లేదు. చేయకుండా వస్తేనే మాకు మేలు.